పెళ్లిలో మైక్ మీ చేతికొస్తే..

పెళ్లి కార్డు వాట్సాప్‌లో వచ్చేసింది. ఆఫీసులో లీవ్ కూడా ఓకే అయింది. సంగీత్‌కి కుర్తా, రిసెప్షన్‌కి సూటు.. అన్నీ సెట్. హమ్మయ్య అనుకునేలోపే ఫ్రెండ్ నుంచి మెసేజ్: ‘ఒరేయ్, రిసెప్షన్‌లో నువ్వు నాలుగు మాటలు మాట్లాడాలి. ఫిక్స్!’ అంతే! అప్పటిదాకా డీజే ముందు మోకాళ్లు అరిగేలా గెంతడానికి రెడీగా ఉన్న మనిషికి గొంతు ఎండిపోతుంది.

ఈ కంగారు నాకు బాగా తెలుసు. ఎందుకంటే మా గ్యాంగ్‌లో ఎవరికి ఇలాంటి మెసేజ్ వచ్చినా, ఆ తర్వాత ఫోన్ మోగేది నాకే. ‘ఏదో ఒకటి రాసిపెట్టవే బాబూ’ అని. అలా ఫ్రెండ్స్‌కి, కజిన్స్‌కి, ఒకసారైతే ఏకంగా ఓ పెళ్లికూతురి నాన్నగారికి కూడా రాసిపెట్టాను. సొంతంగానూ స్టేజ్ ఎక్కాను. ఇన్ని రాశాక నాకు అర్థమైంది ఒక్కటే. పెళ్లి స్పీచ్‌కి గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు, యాంకర్‌లా గలగలా మాట్లాడక్కర్లేదు. ఆ ఇద్దరి గురించి మీకు మాత్రమే తెలిసిన ఒక్క విషయం ఉంటే చాలు. దాన్ని ఎలా పట్టుకోవాలి, ఎలా రాయాలి, స్టేజ్ మీద ఎలా చెప్పాలి.. అన్నీ మాట్లాడుకుందాం రండి.

రొట్టె ముక్కతో మొదలైంది

ఇంగ్లిష్ సినిమాల్లో చూసే ఉంటారు. ఒకరు లేచి గ్లాసు మీద స్పూన్‌తో టంగ్‌మని కొడతారు. అందరూ సైలెంట్. ఆయనేదో చెబుతాడు, నవ్విస్తాడు, చివర్లో కళ్లు తుడుచుకునేలా చేస్తాడు. అందరూ గ్లాసులు పైకెత్తుతారు. అదే టోస్ట్.

ఆ పేరు నిజంగానే మనం పొద్దున్నే తినే టోస్ట్ నుంచి వచ్చింది. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో కాల్చిన రొట్టె ముక్కని, మసాలా కూడా దట్టించి, వైన్‌లో వేసుకుని తాగేవాళ్లు. షేక్‌స్పియర్ రాసిన ‘ది మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’ నాటకంలో ఫాల్‌స్టాఫ్ అనే లావుపాటి పెద్దమనిషి తన మద్యంలో టోస్ట్ వెయ్యమని అడుగుతాడు కూడా. రొట్టె వల్ల పానీయానికి రుచి వచ్చినట్టే, ఎవరి పేరు తలుచుకుని తాగుతారో ఆ పేరు వల్ల విందుకి రుచి వస్తుందని ఆ మనిషినే ‘టోస్ట్’ అనడం మొదలుపెట్టారు. 1709లో లండన్ నుంచి వచ్చిన ‘ది టాట్లర్’ పత్రికలో ఈ మాట గురించి ఓ సరదా కథనం కూడా ఉంది. రొట్టె ముక్క ఎప్పుడో మాయమైపోయింది. మాట మాత్రం మిగిలింది.

బ్రిటన్‌లో దీనికో వరస ఉంటుంది. ముందు పెళ్లికూతురి తండ్రి, తర్వాత పెళ్లికొడుకు, ఆ తర్వాత అతని తోడుగా నిలబడే బెస్ట్ మ్యాన్. అమెరికాలో అయితే పెళ్లికూతురి తరఫున ఆమె స్నేహితురాలో, అక్కచెల్లెలో కూడా మాట్లాడతారు. అందుకే డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో జరిగే మన తెలుగు పెళ్లిళ్లలో పొద్దున జీలకర్ర బెల్లం, సాయంత్రం రిసెప్షన్‌లో అన్నదమ్ముల స్పీచులు.. రెండూ కలిసిపోతున్నాయి. ఆ గాలి హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ దాకా వచ్చేసింది.

మనకి లేదా? ఎందుకు లేదు!

‘ఇదంతా వాళ్ల కల్చర్, మనకెందుకు’ అనే బాబాయ్ ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆయనకి ఈ పేరా పంపండి.

మన పెళ్లిలో మాట ఎప్పుడూ ఉంది. కన్యాదానం ముందు పంతులుగారు ప్రవర చెబుతారు గుర్తుందా? ఫలానా గోత్రం, ఫలానా వారి మునిమనవడు, ఫలానా వారి మనవడు, ఫలానా వారి కొడుకు.. అని మూడు తరాల పేర్లూ అందరి ముందూ వినిపిస్తారు. అది పరిచయం. భోజనాల దగ్గర ఆడపెళ్లివారి ఆడవాళ్లు వియ్యాలవారి పాటలు పాడతారు. వియ్యపురాలి నడక నుంచి మగపెళ్లివారి తిండి దాకా దేన్నీ వదలరు. అది ఆటపట్టించడం. అప్పగింతల్లో పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతిలో పెడుతూ పాడే పాటకి రాయి కూడా కరుగుతుంది. అది మనసులోని మాట. చివర్లో అక్షింతలు వేసి పెద్దలు దీవిస్తారు. అది ఆశీర్వచనం.

పరిచయం, ఆటపట్టించడం, మనసులోని మాట, ఆశీర్వచనం. ఈ నాలుగూ కలిపి మూడు నిమిషాల్లో చెబితే అదే టోస్ట్. మన దగ్గర నాలుగు చోట్ల నలుగురు చేసే పనిని అక్కడ ఒక్కరే లేచి చేస్తారు, అంతే తేడా.

ఇంకా ఉంది. మీ తాతగారి ట్రంకు పెట్టె తెరిచి చూడండి. అదృష్టం బాగుంటే రంగు కాగితం మీద అచ్చేసిన పద్యాలు దొరకొచ్చు. పెళ్లికొడుకు స్నేహితులో, ఊళ్లోని తెలుగు మాస్టారో వధూవరుల పేర్లు కలిసొచ్చేలా పద్యాలు కట్టి, అచ్చు వేయించి, పెళ్లిలో చదివి అందరికీ పంచేవాళ్లు. ఐదు పద్యాలైతే ‘పంచరత్నాలు’, తొమ్మిదైతే ‘నవరత్నాలు’. అవి మన తాతల కాలం నాటి టోస్టులే.

ముస్లిం పెళ్లిళ్లలో పెళ్లికొడుకు మీద సెహ్రా అనే కవిత చదివే సంప్రదాయం ఉంది. హైదరాబాద్ వాళ్లకి దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ సెహ్రా మీద ఓ అసలైన గొడవే జరిగింది. 1852లో ఢిల్లీలో బహదూర్ షా జఫర్ కొడుకు జవాన్ బఖ్త్ పెళ్లి. గాలిబ్ సెహ్రా రాశాడు. అంతటితో ఊరుకోకుండా, చివర్లో ‘ఇంతకంటే బాగా ఎవరు చెబుతారో చూద్దాం’ అనే అర్థం వచ్చేలా ఓ మాట విసిరాడు. పాదుషాకి కవితా గురువైన జౌఖ్‌కి అది సవాల్‌లా తగిలింది. ఆయన పోటీగా ఇంకో సెహ్రా రాశాడు. చివరికి గాలిబ్ సంజాయిషీ చెప్పుకుంటూ మరో కవిత రాయాల్సి వచ్చింది.

నీతి: ఎదుటివాళ్ల పెళ్లిలో మన గొప్ప చెప్పుకుంటే గాలిబ్‌కైనా తిప్పలు తప్పవు. మనమెంత!

ముందు గుర్తులు, తర్వాతే రాత

చాలామంది ఫోన్‌లో నోట్స్ ఓపెన్ చేసి ‘అందరికీ నమస్కారం’ అని కొట్టి అక్కడే ఆగిపోతారు. మొదటి లైన్ నుంచి మొదలుపెట్టకండి. ముందు సరుకు పోగేయండి.

నేను చేసే పని ఇదీ. పెళ్లికి రెండు మూడు వారాల ముందు ముగ్గురికి ఫోన్ చేస్తాను. ఇంట్లోవాళ్లు ఒకరు, చిన్నప్పటి ఫ్రెండ్ ఒకరు, ఆఫీసులోనో హాస్టల్లోనో కలిసి ఉన్నవాళ్లు ఒకరు. ‘వాడెలాంటివాడు’ అని మాత్రం అడగను. అలా అడిగితే ‘చాలా మంచోడండీ’ అంటారు. దాంతో ఏం చేసుకుంటాం? బదులుగా ఇలా అడుగుతాను: కోపం వస్తే వాడేం చేస్తాడు? మొదటి జీతంతో ఏం కొన్నాడు? మీకు ఒంట్లో బాగోలేనప్పుడు ఏం చేశాడు? ఇంట్లో ఏ వస్తువు వాడు తప్ప ఎవరూ ముట్టుకోరు? ఈ పెళ్లి కుదిరాక వాడిలో ఏం మారింది?

ఇలాంటి ప్రశ్నలకి ‘మంచోడు’ అని జవాబు రాదు. సంఘటన వస్తుంది. అదే మనకి కావాల్సింది.

ఓ చిన్న పరీక్ష చెబుతాను. రాసిన లైన్‌లో పేరు తీసేసి ఇంకో పేరు పెట్టి చూడండి. అప్పుడూ సరిపోతోందా? అయితే ఆ లైన్ కొట్టేయండి. ‘మా అక్క చాలా కేరింగ్’ అనేది ఏ అక్కకైనా సరిపోతుంది. ‘నాకు పరీక్ష ఉన్న ప్రతిరోజూ మా అక్క తన సెల్‌ఫోన్ చార్జర్ నాకిచ్చేసి, తను బస్టాండ్‌లో చార్జింగ్ పెట్టుకునేది’ అనేది మాత్రం ఒక్క అక్కకే సరిపోతుంది.

నాలుగు ముక్కల లెక్క

సరుకు పోగయ్యాక, ఇందాక చెప్పుకున్న మన పెళ్లి వరసలోనే పెట్టేయండి.

1. ప్రవర: మీరెవరు, వాళ్లకి ఏమవుతారు. రెండు వాక్యాలు చాలు. హాల్లో సగం మందికి మీరెవరో తెలియదు. చెప్పకపోతే స్పీచ్ అయ్యేదాకా ‘ఎవరబ్బాయి వీడు’ అని పక్కవాళ్లని అడుగుతూనే ఉంటారు.

2. వియ్యాలవారి పాట: ఒక్క సరదా ముక్క. నవ్వొచ్చేది, కానీ పెళ్లికొడుకు అమ్మమ్మ ముందు చెప్పగలిగేది.

3. అప్పగింత: సీరియస్ ముక్క. వాళ్లు ఎలాంటి మనుషులో చూపించే ఒక్క సంఘటన. ఇక్కడే రెండోవాళ్లని కూడా తీసుకురావాలి. ఫ్రెండ్ గురించే మాట్లాడి, పక్కన నిలబడ్డ పెళ్లికూతుర్ని మర్చిపోయిన స్పీచులు బోలెడు చూశాను. అక్కడ ఉన్నది ఇద్దరు.

4. ఆశీర్వచనం: ఒక్క వాక్యం. మొదట నవ్వించిన ముక్కనే ఇక్కడ మళ్లీ వాడితే భలే అతుకుతుంది.

మొత్తం కలిపితే ఎలా ఉంటుందో చూడండి. హాస్టల్ రూమ్మేట్ పెళ్లికి రాసిన చిన్న నమూనా ఇది:

“అందరికీ నమస్కారం. నేను పెళ్లికొడుక్కి నాలుగేళ్లు హాస్టల్ రూమ్మేట్‌ని. ఆ నాలుగేళ్లూ పొద్దున్నే ఐదింటికి వీడి అలారం మోగేది. లేచేది మాత్రం నేను.

థర్డ్ ఇయర్‌లో మా నాన్నకి ఆపరేషన్ అయింది. వీడు ఎవరికీ చెప్పకుండా రాత్రి బస్సెక్కి వచ్చేశాడు. రెండు రాత్రులు ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో నా పక్కన కూర్చున్నాడు. ధైర్యంగా ఉండమని ఒక్క మాట కూడా అనలేదు. ఊరికే కూర్చున్నాడు. నాకు అంతకంటే ధైర్యం ఎవరూ ఇవ్వలేదు.

చెల్లెమ్మా, వీడు ఒక్కోసారి గంటలు గంటలు మాట్లాడడు. కోపమేమో అనుకోకు. పక్కన వచ్చి కూర్చున్నాడంటే, అదే వీడి భాష. పెళ్లి చూపులయ్యాక నీ గురించి మాత్రం నాతో నలభై నిమిషాలు ఆపకుండా మాట్లాడాడు. అప్పుడే నాకు అర్థమైంది, ఈ పెళ్లి ఖాయమని.

మీ ఇంట్లో అలారం ఒక్కటే మోగాలి. లేచేది మాత్రం ఇద్దరూ అవ్వాలి. నిండు నూరేళ్లూ చల్లగా ఉండండి!”

చూశారా? ఎక్కడా పెద్ద మాట లేదు. ‘ప్రాణ స్నేహితుడు’ అనలేదు. ప్లాస్టిక్ కుర్చీ ఆ పని చేసేసింది.

మా తమ్ముడి రిసెప్షన్‌లో..

నేను రాసినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది మా తమ్ముడి పెళ్లిది. పెళ్లి తణుకులో. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న పోయారు. అప్పటినుంచి అమ్మ జాకెట్లు కుట్టి మా ఇద్దర్నీ చదివించింది. ముహూర్తాల సీజన్‌లో తెల్లవారుజాము దాకా మిషన్ చప్పుడు వినపడేది. ఊళ్లో ఎవరి పెళ్లయినా పెళ్లికూతురి జాకెట్టు మా ఇంట్లోంచే వెళ్లేది. జాకెట్టు వెళ్లేది, అమ్మ మాత్రం వెళ్లేది కాదు. ‘శుభమా అని పెళ్లి జరుగుతుంటే మనమెందుకమ్మలూ ఎదురు’ అనేది.

తమ్ముడి పెళ్లిలో కూడా అదే వరస. పీటల మీద పెదనాన్న, పెద్దమ్మ కూర్చున్నారు. అమ్మ స్టోర్‌రూమ్ తాళాలు బొడ్లో దోపుకుని, చీరల కవర్లూ కొబ్బరికాయలూ అందిస్తూ వెనకే తిరిగింది. ఎవరూ ఆమెని వెనక్కి వెళ్లమనలేదు. అసలు అనాల్సిన అవసరమే రానివ్వలేదు తను.

రిసెప్షన్‌లో అక్కగా నన్ను మాట్లాడమన్నారు. ముందురోజు అమ్మ నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది: ‘నా గురించి ఏం మాట్లాడకే. నాన్న సంగతి ఎత్తకు. అందరూ ఏడుస్తారు. శుభకార్యం.’

అమ్మ మాట కాదనలేను. చెప్పకుండానూ ఉండలేను. రాత్రంతా ఆలోచించి మూడు నిమిషాల స్పీచ్ రాసుకున్నాను. తమ్ముడి గురించి చెప్పాను. చిన్నప్పుడు వాడు స్కూల్‌కి వేసుకెళ్లిన చొక్కాల లోపలి జేబులన్నీ మిగిలిన జాకెట్టు ముక్కలతో కుట్టినవేనని, పూలపూల జేబు ఎవరికీ కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకునేవాడని చెబితే హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే అడిగాను: ‘ఈ హాల్లో ఇవాళ మా అమ్మ కుట్టిన జాకెట్టు వేసుకున్నవాళ్లు ఒక్కసారి చెయ్యెత్తండి.’

ముందు వరసలో మేనత్త ఎత్తింది. తర్వాత పక్కింటి పిన్నిగారు. తర్వాత వెనక నుంచి ఒకటి, మధ్యలోంచి రెండు.. చేతులు లేస్తూనే ఉన్నాయి. నేను లెక్క పెట్టలేకపోయాను. చివర్లో స్టేజ్ మీదే ఒక చెయ్యి లేచింది. మా మరదలిది. ఆమె పెళ్లి జాకెట్టు కూడా అమ్మే కుట్టింది.

‘నాకు చెప్పాల్సింది ఇంకేం లేదు’ అని మైక్ కింద పెట్టేశాను. చేతులు ఎత్తినవాళ్లంతా వెనక్కి తిరిగి అమ్మ కోసం చూశారు. స్టోర్‌రూమ్ గుమ్మం దగ్గర తాళాలు సర్దుకుంటూ నిలబడి ఉంది. మరదలు స్టేజ్ మీద నుంచే ‘అత్తయ్యా, పైకి రండి’ అంది. తమ్ముడు వెళ్లి తీసుకొచ్చాడు. ఆ రోజు ఫొటోల్లో అమ్మ మధ్యలో ఉంది. ఎవరూ అడ్డు చెప్పలేదు. చప్పట్లు కొడుతూ అడ్డు చెప్పడం కష్టం కదా.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను ఆ స్పీచ్‌లో ఆచారాల మీద ఒక్క మాట అనలేదు. నాన్న పేరు ఎత్తలేదు. అమ్మని పొగడలేదు. హాల్లో వాళ్లకి అప్పటికే తెలిసిన విషయాన్నే అందరూ ఒకేసారి చూసేలా చేశానంతే. పెళ్లిలో లెక్చర్ ఇస్తే పెద్దవాళ్లు ముఖం తిప్పుకుంటారు. చూపిస్తే మాత్రం చూస్తారు. మీ ఇంట్లోనూ ఇలా వెనక నిలబడే మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఫీజులు కట్టిన బాబాయో, పెళ్లి చేసుకోకుండా తమ్ముళ్లని చదివించిన అక్కో. మైక్ మీ చేతికి వచ్చినప్పుడు ఒక్క వాక్యం వాళ్లకివ్వండి.

ఇవి మాత్రం వద్దు బాబోయ్

• పాత లవ్ స్టోరీలు. ఓ రిసెప్షన్‌లో పెళ్లికొడుకు ఫ్రెండ్ ఒకడు ‘కాలేజీలో వీడి లిస్టు’ అంటూ మొదలుపెట్టాడు. హాల్లో ఏసీ అక్కర్లేకుండా పోయింది. పేరు చెప్పకపోయినా సరే, హింట్ ఇచ్చినా సరే.. వద్దు.

• లోపలి జోకులు. మీ గ్యాంగ్‌లో నలుగురికే అర్థమయ్యే జోక్ వేస్తే మిగతా నాలుగొందల మంది ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

• ఒళ్లు, రంగు, జీతం, కట్నం, పిల్లలెప్పుడు. ఇవి జోకులే కావు. ఆ ఇద్దరిలో ఒకరికి అవి రోజూ గుచ్చుకునే ముళ్లు కావచ్చు.

• ‘ఇక నీ ఫ్రీడమ్ అయిపోయింది రా’. పెళ్లికూతురు పక్కనే నిలబడి ఉండగా ఆ పెళ్లినే జైలు అంటే ఎలా? అందరూ అనేసి అరిగిపోయిన జోక్ కూడా.

• అపశకునపు మాటలు. మీకు నమ్మకం లేకపోవచ్చు, ముందు వరసలో కూర్చున్న నాయనమ్మకి ఉంటుంది. మన భాషలోనే ఆ జాగ్రత్త ఉంది. దీపం ఆరిపోయింది అనం, కొండెక్కింది అంటాం. బియ్యం అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం. గుమ్మం దాటుతూ వెళ్తున్నా అనం, వెళ్లొస్తా అంటాం. జపాన్‌లో కూడా పెళ్లి స్పీచుల్లో ‘తెగిపోవడం’, ‘విడిపోవడం’ లాంటి మాటలు రాకుండా చూసుకుంటారు. కాబట్టి విడాకుల జోకులు డ్రాఫ్ట్‌లోనే తీసేయండి.

డౌట్ వస్తే ఒక్కటే రూల్. పెళ్లికూతురికో, పెళ్లికొడుక్కో ముందే వాట్సాప్ చెయ్యండి: ‘ఈ సంగతి చెప్పొచ్చా?’ అని. స్పీచ్ మొత్తం పంపక్కర్లేదు, ఆ ఒక్క లైన్ చాలు.

ఎంతసేపు?

మూడు నిమిషాలు. మహా అయితే నాలుగు. దాటితే చూపులన్నీ బఫే వైపు వెళ్లిపోతాయి.

1863 నవంబర్‌లో అమెరికాలోని గెటిస్‌బర్గ్‌లో ఓ సభ జరిగింది. ముందు ఎడ్వర్డ్ ఎవరెట్ అనే పేరున్న వక్త దాదాపు రెండు గంటలు మాట్లాడాడు. ఆ తర్వాత అబ్రహాం లింకన్ లేచి 270 మాటలు, సుమారు రెండు నిమిషాలు మాట్లాడి కూర్చున్నాడు. ఇవాళ్టికీ పిల్లలు బడుల్లో చదివేది ఆ రెండు నిమిషాలదే. అది పెళ్లి కాదు, యుద్ధంలో చనిపోయిన సైనికుల శ్మశాన వాటిక దగ్గర జరిగిన సభ. లెక్క మాత్రం అంతటా అదే.

తెలుగు మాటలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్‌లో కంటే తక్కువ మాటలే పడతాయి. మధ్యలో నవ్వులకీ, చప్పట్లకీ కూడా టైమ్ కావాలి. నేనైతే 250 మాటలు దాటనివ్వను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి గట్టిగా చదవండి. మనసులో చదువుకుంటే టైమ్ తెలియదు. గట్టిగా చదివితేనే నాలుక ఎక్కడ తడబడుతుందో, ఏ వాక్యం పుస్తకంలా ఉందో దొరికిపోతుంది. ‘నేను మిక్కిలి సంతోషిస్తున్నాను’ అని మీరు మామూలుగా ఎప్పుడైనా అన్నారా? లేదు కదా. అయితే అక్కడా అనకండి.

స్టేజ్ మీద పది సూత్రాలొద్దు, ఐదు చాలు

టైమ్ ముందే మాట్లాడుకోండి. మన రిసెప్షన్లలో అసలు సమస్య ఇదే. అక్షింతలు, గిఫ్టులు, ఫొటోల కోసం స్టేజ్ దగ్గర క్యూ మొదలయ్యాక దేవుడు వచ్చి మాట్లాడినా ఎవరూ వినరు. కొత్త జంట హాల్లోకి ఎంట్రీ ఇచ్చి కూర్చున్న వెంటనే, క్యూ మొదలవకముందు మీ మూడు నిమిషాలు ఇప్పించమని యాంకర్‌కో, ఈవెంట్ మేనేజర్‌కో ముందే చెప్పండి. సంగీత్ ఉంటే ఇంకా మంచిది. అక్కడ అందరూ చూడ్డానికే కూర్చుని ఉంటారు.

డీజేతో దోస్తీ చెయ్యండి. మీరు మాట్లాడేటప్పుడు వెనక మ్యూజిక్ పూర్తిగా ఆపమనండి. తక్కువ సౌండ్‌లో పెట్టినా మాట మింగేస్తుంది.

మైక్ గడ్డం దగ్గర పెట్టుకోండి. పెదాలకి రెండు మూడు వేళ్ల దూరం. తల తిప్పితే మైక్ కూడా తిరగాలి. స్పీకర్ బాక్సుల ఎదురుగా నిలబడితే కీచుమంటుంది, రెండడుగులు వెనక్కి జరగండి. ‘హలో హలో మైక్ టెస్టింగ్’ మీ మొదటి మాట కాకూడదు.

కాగితం పట్టుకోండి. సిగ్గేం లేదు. ఫోన్‌లో చూసి చదువుతుంటే మధ్యలో క్యాబ్ డ్రైవర్ ఫోన్ చేస్తాడు, స్క్రీన్ ఆఫ్ అవుతుంది, చూసేవాళ్లకి చాటింగ్ చేస్తున్నట్టుంటుంది. చిన్న కార్డు మీద పెద్ద అక్షరాలతో నాలుగు ముక్కల్లోంచి ఒక్కో మాట రాసుకోండి. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠతా రావాలి.

జంట వైపు తిరగండి. సగం మాటలు జనానికి, సగం వాళ్లకి. మనసులోని మాట చెప్పేటప్పుడు వాళ్ల కళ్లలోకి చూడండి. ఏడుపొస్తే? ఆగండి. మంచినీళ్లు తాగండి. ఎవరూ తొందరపెట్టరు. వణుకు వస్తే అది మీకు తెలిసినంతగా ఎదుటివాళ్లకి తెలియదు.

అత్తవారి భాష వేరైతే..

ఇప్పుడు మన పెళ్లిళ్లలో తమిళ అల్లుళ్లు, పంజాబీ కోడళ్లు మామూలే. అలాంటప్పుడు మొత్తం ఇంగ్లిష్‌లోకి మారిపోతే అటు అమ్మమ్మకీ, ఇటు పాటికీ ఇద్దరికీ అర్థం కాదు. మొదటి వాక్యం వాళ్ల భాషలో నేర్చుకుని చెప్పండి. ఉచ్చారణ కొంచెం అటూ ఇటూ అయినా చప్పట్లు గ్యారంటీ. మిగతాది మీకు బాగా వచ్చిన భాషలో చెప్పి, అసలు సంఘటన ఒక్కటి ఇంగ్లిష్‌లో రెండు వాక్యాల్లో మళ్లీ చెబితే సరిపోతుంది.

మరి చాట్‌జీపీటీతో రాయించేస్తేనో? ట్రై చేయండి, తప్పులేదు. కానీ దానికి ఆ ప్లాస్టిక్ కుర్చీ తెలియదు, పూలపూల జేబు తెలియదు. మీరు చెప్పకపోతే ‘రెండు హృదయాలు, ఒకే ప్రయాణం’ అని రాసిస్తుంది. అదే స్పీచ్ పక్క హాల్లో ఇంకొకరు చదువుతుండొచ్చు. మీరు రాసింది పొడుగైతే కత్తిరించమని అడగండి. గుర్తుతెచ్చుకునే పని మాత్రం మీదే.

చివరగా ఓ చిన్న పని

స్పీచ్ అయిపోయాక ఆ కార్డు జేబులో కుక్కి మర్చిపోకండి. పెళ్లి వీడియో రెండు గంటలుంటుంది, హార్డ్ డిస్క్‌లో ఉంటుంది, పదేళ్ల తర్వాత ఏ బీరువాలో ఉందో ఎవరికీ గుర్తుండదు. తాతల కాలంలో పెళ్లి పద్యాలు అచ్చేయించి చేతికిచ్చింది అందుకే. మాట గాల్లో కలిసిపోతుంది, కాగితం ఉంటుంది.

కాబట్టి ఇంటికెళ్లాక మీరు చెప్పినదాన్ని ఓ మంచి కాగితం మీద మీ చేతిరాతతో రాయండి. కింద తేదీ వేయండి, సంతకం పెట్టండి. హనీమూన్ నుంచి వచ్చాక వాళ్ల ఇంటికి కాఫీకి వెళ్లి చేతిలో పెట్టండి. పెళ్లయిన కొత్తలో అది చదివి నవ్వుకుంటారు. ఎప్పుడో ఓ రోజు పోట్లాడుకుని ఇద్దరూ చెరో గదిలో కూర్చున్నప్పుడు, ఏదో వెతుకుతుంటే ఆ కాగితం బయటపడుతుంది. అందులో మీరు రాసిన ఆ ఒక్క సంఘటన, తాము ఎలాంటి మనిషిని పెళ్లి చేసుకున్నారో మళ్లీ గుర్తుచేస్తుంది.

పెళ్లి ఎప్పుడన్నారు? వచ్చే నెలా? అయితే ముందు ఆ మూడు ఫోన్లూ చేసేయండి.